ఏల చంపెను? - బాహుబలి రెండవ భాగము



మేడ్చలు దాపున కండ్లకోయ కడ బాహ్యవలయ రహదారి నెక్కి తూర్పు ముఖముగా సాగినచో వరుసగా శామీర్‌పేట, కీసర, ఘటకేసరు, పెద్ద అంబర్‌పేట వచ్చును. ఈ దారి ప్రక్కన రెండు కోటలు కలవు. ఒకటి కీసరగుట్టపై నున్నది. విష్ణుకుండిన రాజుల కాలము నాటి ఇటుక కట్టడములు, నాణెములు అచ్చటి త్రవ్వకములలో బయల్పడినవి. శివరాత్రికి ఆ గుట్టనెక్కి రామలింగేశ్వరుని సేవించు జనులు వేలకు వేలు; గుడి వెలుపలికి వచ్చి, ఆ ఇటుక గోడల కడ ఒక్క నిమిషము నిలుచువారు మాత్రము మిక్కిలి తక్కువ. రెండవ కోట పెద్ద అంబర్‌పేట దాటిన పిమ్మట, రామోజీ చిత్రనగరిలో వెలసినది. దాని పేరు మాహిష్మతి. దానిని చూచుటకు జనులు టిక్కెట్టు కొని బస్సులలో పోయిరి. మొదటి కోటలో నిజముగా రాజులు మసలిరి. రెండవ కోటలో మసలినవారు నటులు. అయినను మన ఇండ్లలోని పిల్లలను అడిగి చూడుడు. మాధవవర్మ ఎవరో వారు చెప్పలేరు. అమరేంద్ర బాహుబలి ఎవరో నిదురలో లేపి యడిగినను చెప్పుదురు.

ఈ మాటను మేము నిందగా చెప్పుట లేదు. చరిత్రలో ఏమి జరిగినదో పుస్తకము తెరచిన తెలియును. కథలో తరువాత ఏమగునో, చెప్పువాడు నోరు విప్పువరకు తెలియదు. ఆ తెలియకపోవుటయే కథకు ప్రాణము. ఒక వీరగాథను సగము చెప్పి, నడిమిలో నిలిపి, తెలుగు దేశమునంతటిని రెండేండ్లకు చేరువగా ఒక్క ప్రశ్నకు కట్టివేసిన చిత్రము కలదు గదా, అది ఆ ప్రశ్నకు తగిన జవాబే చెప్పినదా యని నేడు కొంత విచారింతము.

బాహుబలి మొదటి భాగము 2015 జులై 10వ తేదీన విడుదలయ్యెను. రెండవ భాగము 2017 ఏప్రిల్ 28వ తేదీన వచ్చెను. నడుమ 658 దినములు. 2016లోనే వచ్చునని తొలుత ప్రకటించిరి గాని పని తెమలలేదు. మొదటి భాగపు చివర, వృద్ధుడైన దాసుడు కట్టప్ప తన ఎదుట నిలిచిన యువకునితో, నీ తండ్రిని చంపిన ద్రోహిని నేనే యని చెప్పును. అంతటితో తెర నల్లనగును. హాలులో దీపములు వెలుగును. జనులు లేచిపోక, ఇంక నేమైన ఉన్నదేమో యని కొంతసేపు అట్లే కూర్చుండిరి.

అది మొదలు ఊరూర ఒకే మాట. కట్టప్ప బాహుబలిని ఏల చంపెను? మేడ్చలు బస్సులో అదే మాట, శామీర్‌పేట చెరువుకట్టపై అదే మాట, పెండ్లి పందిరిలో విస్తళ్ళ ముందు అదే మాట. రాజ్యము కొరకని కొందరు, ఎవరో మాయచేసిరని కొందరు, బాహుబలియే తన్ను చంపుమని వేడుకొనెనని కొందరు, అసలు చావనే లేదు, చూచుచుండుడని మరికొందరు. ప్రతి ఇంట ఒక విజయేంద్రప్రసాదు బయలుదేరెను. తెలుగు తెలియని ఉత్తరాది ఊళ్ళలో సైతము కట్టప్ప పేరు సామెతవలె వాడిరి. ఆ 658 దినములలో లోకము ఆగలేదు. ప్రశ్న పుట్టిన నాడు మేడ్చలు రంగారెడ్డి జిల్లాలోని ఊరు; జవాబు వచ్చు నాటికి, 2016 అక్టోబరు 11న ఏర్పడిన మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాకు పేరిచ్చిన ఊరు. జిల్లా మారెను గాని ప్రశ్న మారలేదు.

ఇట్లు కథను సగములో విడిచి ఎదురుచూచుట తెలుగువారికి క్రొత్త కాదు. సాహిత్యమున మన తొలి మహాకావ్యమే సగములో నిలిచినది. పదునొకండవ శతాబ్దమున నన్నయభట్టు రాజమహేంద్రవరమున భారతమును ఆంధ్రీకరించుచు అరణ్యపర్వము నడుమ నిలిచిపోయెను. పదుమూడవ శతాబ్దమున తిక్కన సోమయాజి వచ్చి, ఆ మిగిలిన అరణ్యపర్వమును తాకక, విరాటపర్వము నుండి పదునైదు పర్వములు చెప్పెను. ఆ నడిమి ఖాళీని పదునాల్గవ శతాబ్దమున ఎఱ్ఱన పూరించెను. పూరించి, ఆ భాగమును తన పేర గాక, రాజరాజనరేంద్రునికే, నన్నయ చెప్పినట్లే, అంకితము చేసెను. రెండవ భాగమును వ్రాయువానికి మొదటి భాగముపై ఉండవలసిన గౌరవము ఎట్టిదో ఇంతకంటె చెప్పనక్కరలేదు. చిత్రములకు రెండవ భాగములు తీయువారు ఎఱ్ఱనను ఒకసారి తలచుకొన్న మంచిది.

కావ్యములను విడిచి పల్లెలకు పోయినను ఇదే తీరు. కారెంపూడిలో పల్నాటి వీరుల కథను పాడు వీరవిద్యావంతులు ఒక్క రాత్రిలో కథ ముగింపరు. శామీర్‌పేట మీదుగా కరీంనగరము పోవు రహదారి వెంట కొమురవెల్లి మల్లన్న సన్నిధికి పోయి ఒగ్గుకథ విన్నవారు మీలో పెక్కురుండవచ్చును. ఆ కథకుడు కోడికూతవేళకు సరిగా చిక్కుముడి కడ కథ నాపును. వినువాడు మరునాడు పొలములో కలుపు తీయుచు ఆ ముడిని తానే విప్పుకొనుచుండును. అనగా, కథ ఆగిన నాడు కథకుని పని ఆగును గాని, వినువాని పని అప్పుడే మొదలగును. రాజమౌళి చేసినది ఈ ఒగ్గుకథకుని పనియే. కాకున్న, ఒక రాత్రికి బదులు 658 రాత్రులు పట్టినవి.

ఇక్కడ ఒక మాట. ఈ చిత్రమును చారిత్రక చిత్రమని కొందరు వ్రాయుచుందురు. అది సరికాదు. మాహిష్మతి యను పేరు పాతదే. పురాణములలో కార్తవీర్యార్జునుని రాజధాని, నర్మదాతీరమున వెలసిన నగరము. కాని ఈ చిత్రములోని మాహిష్మతికి ఆ నగరముతో పేరు తప్ప బంధుత్వము లేదు. ఇది జానపదము. కీలుగుఱ్ఱము, పాతాళభైరవి చూచిన తరమువారికి ఈ చిత్రములోని రాజ్యము, కుట్ర, అడవిలో పెరిగిన రాకుమారుడు, చెరలోనున్న తల్లి - ఇవన్నియు పాత చుట్టములే. క్రొత్తదనమంతయు కొలతలో నున్నది. కళాదర్శకుడు సాబు సిరిల్ కట్టిన మందిరములు, సెంథిల్ కుమార్ ఛాయాగ్రహణము, కంప్యూటరుపై కల్పించిన జలపాతములు, నగరములు - ఇవి జానపదమునకు పూర్వమెన్నడు లేని ఎత్తును ఇచ్చినవి.

నిజమైన చరిత్రను చెప్పు చిత్రములు ఆ ఎదురుచూపు నడుమనే రెండు వచ్చినవి. గుణశేఖరుని రుద్రమదేవి 2015 అక్టోబరు 9న, క్రిష్ తీసిన గౌతమీపుత్ర శాతకర్ణి 2017 జనవరి 12న విడుదలైనవి. కాకతీయులు, శాతవాహనులు ఇరువురును మనవారే. ఆ చిత్రములు బాగుగనే ఆడినవి. అయినను వాని తరువాతి కథ కొరకు ఎవ్వరును వేచియుండలేదు. వేచియుండదగిన కథ లేకనా? నల్లగొండ సీమలోని చందుపట్లలో 1289వ సంవత్సరము నాటి శాసనమొకటి కలదు. రుద్రమదేవియు, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడును శివలోకమునకు పోయిరని, వారి పుణ్యము కొరకు పువ్వుల ముమ్మడి యను భటుడు భూమిని దానము చేసెనని ఆ రాతిపై నున్నది. ఆ భటుడు ఎవడు? ఏలిక మరణించిన పిదప ఎట్లు బ్రదికెను? ఒక దాసుని విశ్వాసమును గురించి కథ వలెనన్నచో కట్టప్పను కల్పింపనక్కర లేదు. చందుపట్ల రాయి చాలును. ఎవరైన పూనుకొందురేమో చూడవలెను.

సరే, జవాబు సంగతికి వత్తము. కథ తెలియనివారు ఇప్పటికి మిగిలియుండరని తలచి, దాచక చెప్పుచున్నాము.

రెండవ భాగపు తొలి సగమున అమరేంద్ర బాహుబలి పట్టాభిషేకమునకు ముందు కట్టప్పతో కలిసి మారువేషమున దేశసంచారమునకు బయలుదేరి కుంతల రాజ్యమున దేవసేనను చూచును. వెఱ్ఱివానివలె నటించి ఆమె ఇంట చేరును. పిండారులు రాత్రివేళ ఆ రాజ్యముపై పడినపుడు వాని నిజ స్వరూపము బయటపడును. ఈ గంటసేపు చిత్రము మిక్కిలి హాయిగా సాగును. ప్రభాసుకు హాస్యము కుదిరినది; అనుష్క విల్లు పట్టిన తీరు, ఆమె నడిచిన తీరు రాజపుత్రికకు తగినట్లున్నవి. పిరికివాడైన కుమారవర్మకు బాహుబలి ధైర్యము చెప్పు ఘట్టము చిన్నదే గాని, చిత్రములోని మంచి ఘట్టములలో నొకటి. తరువాత కుట్రకు బలియగువాడు ఆ కుమారవర్మయే యని తలచినప్పుడు దాని విలువ ఇంకను పెరుగును.

ఇంతలో భల్లాలదేవుడు దేవసేన చిత్రపటమును చూచి, ఆమెను తనకిమ్మని తల్లి శివగామిని కోరును. శివగామి ఆ కన్య మనస్సును అడుగక మాట ఇచ్చును. బంగారము, నగలు, గర్వము నిండిన లేఖ పంపును. దేవసేన అంతకు తగిన జవాబు పంపును. శివగామికి కోపము వచ్చును; ఆమెను బంధించి తెమ్మని బాహుబలికి ఆజ్ఞ పోవును. ఇక్కడ నుండి కథలో ఏ కత్తియు చేయని పనిని మాట చేయుచు పోవును. శివగామి మాట ఇచ్చుట, బాహుబలి దేవసేనకు మాట ఇచ్చుట, కట్టప్ప వంశము ఎన్నడో సింహాసనమునకు మాట ఇచ్చియుండుట - ఈ మూడు మాటలు ఒకదానితో నొకటి ఢీకొనును. తల్లి ముందు, సభలో, సింహాసనమా దేవసేనయా యను ప్రశ్న వచ్చినప్పుడు బాహుబలి దేవసేన చేయి పట్టుకొనును. భల్లాలుడు రాజగును.

తరువాతిది మీకు తెలియును. కుట్రలో చిక్కిన కుమారవర్మ అంతఃపురమున చచ్చును. భల్లాలుని చంపింప బాహుబలియే పూనుకొనెనని శివగామి నమ్మును. బాహుబలిని పిలిచి యడుగదు. కట్టప్పను పిలిచి చంపుమనును. నీవు చంపనిచో నేనే చంపెదనని చెప్పును. కట్టప్ప విలపించును, వేడుకొనును, చివరకు పోయి వెనుకనుండి పొడుచును. రెండేండ్లు అడిగిన ప్రశ్నకు ఇదియే జవాబు. రాణి చంపుమన్నది, చంపినాడు.

ఆ దినములలో, ఇంతేనా యని పెదవి విరిచినవారు కొందరుండిరి. చిక్కుముడి అన్నప్పుడు ఏదో గొప్ప రహస్యము, పుట్టుమచ్చ, మంత్రము ఉండునని వారి ఆశ. మా అభిప్రాయము వేరు. రహస్యము లేకపోవుటయే ఈ జవాబులోని బలము. మాయ యున్నచో నేరము మాయదగును. ఇక్కడ మాయ లేదు. ముగ్గురు మంచివారు ఉన్నారు. ఒకరు ప్రజలకొరకు కన్నకొడుకును కాదని పెంపుడు కొడుకునకు రాజ్యమిచ్చిన తల్లి. ఒకడు ఆమె మాట జవదాటని కొడుకు. ఒకడు ఆ ఇంటి ఉప్పు తిన్న ముసలివాడు. ఈ ముగ్గురు మంచివారు కలిసి, వారిలో నొక్కనిని చంపిరి. చెడ్డవాడైన బిజ్జలదేవుడు దూరమున కూర్చుండి ఒక చిన్న అబద్ధమును మాత్రము అందించెను. రమ్యకృష్ణ, సత్యరాజ్ ఆ ఆజ్ఞ ఇచ్చు ఘట్టమున ఎదురెదురుగా నిలిచినప్పుడు హాలులో ఈలలు ఆగిపోయినవి.

కౌరవసభలో భీష్ముడు నోరు మెదపకుండుటను మనము చిన్ననాటి నుండి వినుచున్నాము. సింహాసనమునకు ఇచ్చిన మాట ఆయన నోరు కట్టినది. కట్టప్ప ఆ భీష్ముడే; కవచము తీసి దాసుని బట్ట కట్టించిరి, అంతే భేదము. భీష్ముడు ఊరకుండి పాపము మూటగట్టుకొనెను. కట్టప్ప ఊరకుండుటకు కూడ నోచుకొనలేదు. వాని చేతికి కత్తి ఇచ్చిరి. ఈ సంగతిని తర్కించుటకు శామీర్‌పేటలోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయపు విద్యార్థులకు మించిన వారు మన చేరువలో లేరు. పైవారి ఆజ్ఞ యను ఒక్క మాట నేరమును పోగొట్టదని 1945-46 సంవత్సరములలో జర్మనీలోని న్యూరెంబర్గు న్యాయస్థానము తీర్మానించెను. ఆ కొలతతో చూచిన కట్టప్ప దోషియే. వాడును తన్ను దోషి యనియే తలచెను. చంపినవెంటనే రాణి కడకు వచ్చి, నీవు చేసినది తప్పు, ఇది జరిగిన కుట్ర యని నిలువున చెప్పును. ఆ మాట ఒక గడియ ముందు చెప్పియున్నచో! ఆ గడియయే ఈ కథ.

ఇతర దేశముల వారు కూడ ఇట్టి కథను రెండు భాగములుగా తెరకెక్కించిరి. 1924లో జర్మనీలో ఫ్రిట్జ్ లాంగ్ అను దర్శకుడు నీబెలుంగుల వీరగాథను రెండు చిత్రములుగా తీసెను. మొదటి దానిలో సీగ్‌ఫ్రీడ్ అను వీరుని, రాజసేవకుడైన హాగెన్ వెనుక నుండి ఈటెతో పొడిచి చంపును. రెండవ చిత్రమంతయు ఆ వీరుని భార్య క్రీమ్‌హిల్డ్ పగయే. మన దేవసేన సంకెళ్ళలో ఇరువదియైదేండ్లు పుల్లలు ఏరి భల్లాలుని చితిని పేర్చుకొనుట చూచినప్పుడు మాకు ఆమె జ్ఞప్తికి వచ్చినది. కాని హాగెన్ కడవరకు చేసినదానికి పశ్చాత్తాపపడడు. కట్టప్ప జీవితమంతయు పశ్చాత్తాపమే. ఈ భేదము మన దేశపుది.

మేము రేడియోవారము గనుక చెవికి సంబంధించిన మాట చెప్పక పోలేము. ఆకాశవాణి తెలుగు కేంద్రములు చిత్రముల ధ్వనిని కుదించి సంక్షిప్త శబ్దచిత్రములుగా వినిపించిన సంగతి మీలో పెద్దలకు తెలియును. కన్ను మూసికొని వినినను నిలుచు చిత్రమే గట్టి చిత్రమని ఆ కార్యక్రమమును కూర్చినవారి నమ్మకము. బాహుబలిని ఆ పరీక్షకు పెట్టినచో ఏమగును? జలపాతము పోవును, ఏనుగు పోవును, కోట పోవును. మొదటి భాగమున సగము పోవును. దానిలో చెవికి మిగులు విశేషము కాలకేయుల భాష. మదన్ కార్కీ అను తమిళ రచయిత సుమారు 750 మాటలతో ఆ కిలికి భాషను కల్పించెను. అర్థము తెలియకున్నను భయము తెలియును. రెండవ భాగము మాత్రము చెవికి బాగుగ నిలుచును. దేవసేన బందీగా మాహిష్మతి సభలో అడుగిడి శివగామిని ప్రశ్నించుట, శ్రీమంతమునాడు నిండు సభలో రాజును నిలదీయుట - ఇవన్నియు మాటల యుద్ధములు. కీరవాణి వాద్యములు ఆ మాటలకు దారి యిచ్చి తామొదిగి యుండును. అనుష్క, రమ్యకృష్ణల మధ్య నడిచిన సంవాదమును బొమ్మ లేకుండ విన్నను వెన్ను నిక్కబొడుచుకొనును. ఈ రెండవ భాగము స్త్రీలది యని మేమన్నచో ప్రభాసు అభిమానులు కోపగింపకుందురు గాక.

లోపములు లేవా యన్నచో, కలవు. సేతుపతి యను దళపతి గుడికి పోవు స్త్రీల యెడ అనుచితముగ వర్తించును. దేవసేన వాని వ్రేళ్ళు నరకును. సభలో విచారణ జరుగుచుండగా బాహుబలి వచ్చి, నరుకవలసినది వ్రేళ్ళు గాదని, అక్కడికక్కడే వాని తల తెగగొట్టును. హాలు దద్దరిల్లినది. మేమును చప్పట్లు కొట్టితిమి, దాచుటెందుకు? ఇంటికి వచ్చిన పిమ్మట గాని ఆలోచన రాలేదు. బెజవాడలో మాధవవర్మ కథ యొకటి చెప్పుదురు. రాజకుమారుని రథము క్రింద పడి ఒక పేదరాలి బిడ్డ చచ్చెను. రాజు విచారించి తన కొడుకునకే మరణదండన విధించెను. ఆ కథలో న్యాయము చెప్పినవాడు నష్టమును తానే భరించెను. చిత్రములో బాహుబలి రాజు కాడు, న్యాయాధిపతి కాడు, భర్త. శివగామి విచారింపక బాహుబలిని శిక్షించినది గదా యని మనము ఏడ్చితిమి. అదే చిత్రమున బాహుబలి విచారణ ముగియకయే తల నరికిన, ఈల వేసితిమి. ఈ రెండింటిని ప్రక్క ప్రక్కన పెట్టి చూచు తీరిక చిత్రము మనకు ఇయ్యలేదు.

కడపటి యుద్ధము మరియొక లోపము. తాటిచెట్లను వంచి, వానిపై భటులను కూర్చుండబెట్టి, కోటలోనికి విసరుట యను ఉపాయము మా బుద్ధికి ఎక్కలేదు. దినమునకు పదిసార్లు తాడి నెక్కి దిగు మన గీతకార్మికులు ఆ ఘట్టము చూచి ఏమనుకొనిరో! మొదటి భాగములోని కాలకేయ యుద్ధమునకు ఒక వ్యూహముండెను, బందీలైన ప్రజలను కాపాడవలెనను ధర్మసంకటముండెను. ఇక్కడ బలము తప్ప మరేమియు లేదు. మహేంద్ర బాహుబలి తండ్రి పగ తీర్చుకొనెను గాని, తండ్రివలె మన మనస్సులో నిలువలేదు. తమన్నా పాత్రను ఇంచుమించు మరచిపోయిరి.

అన్నిటికంటె పెద్ద లోపము కట్టప్ప విషయముననే యున్నది. మొదటి భాగమున అస్లంఖాన్ అను వర్తకుడు, దాస్యము నుండి నిన్ను విడిపింతునని యడిగినప్పుడు కట్టప్ప వలదనెను. ఏనాడో తన పూర్వులు ఇచ్చిన మాట అడ్డము వచ్చినది. ఆ మాటవలననే బాహుబలి చచ్చెను, శివగామి చచ్చెను, దేవసేన చెరలో మ్రగ్గెను. ఇంత జరిగిన పిమ్మట క్రొత్త రాజు పట్టాభిషేకమున మొదట చేయవలసినది, ఆ ముసలివానిని పిలిచి, నీ వంశము ఇక ఎవరికిని దాసులు కారని చెప్పుట. చిత్రము ఆ మాట చెప్పదు. ప్రజలు జయజయ యందురు. భల్లాలుని బంగారు విగ్రహపు తల ఏటిలో కొట్టుకొనిపోవును. కట్టప్ప దాస్యము తీరినదో లేదో మనకు తెలియకయే పోవును. ఏల చంపెనని రెండేండ్లు అడిగినవారము, ఆ తరువాత వాడేమయ్యెనని ఎవ్వరమును అడుగలేదు.

ఇక లోకము ఈ చిత్రమును ఎట్లు ఆదరించెనో ఎల్లరు నెరుగుదురు. కాబట్టి క్లుప్తముగ చెప్పుదుము. కావేరి జలముల విషయమున ఎన్నడో పలికిన మాటలకు సత్యరాజ్‌పై కర్ణాటకమున నిరసన చెలరేగగా, విడుదలకు వారము ముందు ఆయన విచారము వెలిబుచ్చి చిత్రమునకు దారి వదలెను. కట్టప్ప పాత్రధారి మాటయే చిత్రమునకు అడ్డము వచ్చుట విచిత్రము. వేయి కోట్ల రూపాయల వసూళ్ళను దాటిన మొదటి భారతీయ చిత్రము ఇదియే. మొదటి భాగమునకు జాతీయ ఉత్తమ చిత్ర బహుమతి లభించినది. రెండవ దానికి ప్రజాదరణ పొందిన చిత్రముగా బహుమతి వచ్చినది. లండనులోని రాయల్ ఆల్బర్ట్ హాలులో 2019 అక్టోబరు 19న మొదటి భాగమును వాద్యబృందపు సంగీతముతో ప్రదర్శించిరి. ఆ పిమ్మట దక్షిణాదిని కథలను రెండు ముక్కలు చేయుట వాడుకయై పోయెను. పుష్ప మొదటి భాగము 2021లో, రెండవది 2024లో వచ్చినవి. తమిళమున మణిరత్నము పొన్నియిన్ సెల్వన్ నవలను 2022, 2023లలో రెండుగా తీసెను. కథను కోయుట సులభమే. కోసిన చోట ప్రశ్న మొలచుట అరుదు.

2025 అక్టోబరు 31న రాజమౌళి రెండు భాగములను కుదించి, కూర్చి, ఒకే చిత్రముగా విడుదల చేసెను. నిడివి సుమారు మూడు గంటల నలుబదియైదు నిమిషములు. దానిని చూచిన పిల్లలలో 2015 జులై నాటికి పుట్టనివారు పెక్కురు. వారికి ఆ 658 దినములు లేవు. బస్సులో వాదములు లేవు, పందిరిలో పందెములు లేవు. ప్రశ్న పుట్టిన పూటనే, అదే కుర్చీలో, చేతిలోని పల్లీలు అయిపోక ముందే వారికి జవాబు దొరకినది.